ఎర్ర రిబ్బను, నీలం గడప

సెకండియర్‌లో నేను పైథాన్‌లో తెరిచిన మొట్టమొదటి ఫొటో మా ఇంటి గడపది. సంక్రాంతికి అమ్మ గడపకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన మామిడాకులు కట్టినప్పుడు ఫోన్లో తీసుకున్నాను. దాన్ని ఓపెన్‌సీవీతో చదివించి, మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో చూపించమన్నాను. చూపించింది. కాకపోతే పసుపు రాసిన గడప ఆకాశం రంగులో ఉంది. కుంకుమ బొట్లు సిరా చుక్కల్లా నీలంగా ఉన్నాయి. మామిడాకులు మాత్రం ఎప్పటిలాగే పచ్చగా ఉన్నాయి.

నెట్‌లో వెతికితే ఒక్క లైను దొరికింది. సీవీటీకలర్ అనే ఫంక్షన్‌తో రంగుల వరస మార్చాలట. కాపీ చేశాను, పేస్ట్ చేశాను, గడప మళ్ళీ పసుపుపచ్చగా వచ్చింది. ఆ లైను ఏం చేసిందో పట్టించుకోలేదు. పని జరిగింది కదా!

ల్యాబ్ వైవాలో మేడమ్ సరిగ్గా దాని గురించే అడిగారు. ఒక్కో పిక్సెల్‌కి మూడు అంకెలే ఎందుకు, రెండో నాలుగో ఎందుకు కాకూడదు, లోకంలో ఇన్ని రంగులుంటే మూడంకెలతో ఎలా సరిపోతోంది అని. నేను నేల చూపులు చూశాను. ఆవిడ కోప్పడలేదు. మాక్స్‌వెల్ గురించి చదువుకుని రమ్మన్నారు.

నేను తప్పుగా విన్నానేమో అనుకున్నాను. మా ఈసీఈ వాళ్ళకి మాక్స్‌వెల్ అంటే నాలుగు సమీకరణాలు. యూనిట్ చివర్లో పది మార్కుల ప్రశ్న. కొందరికి బ్యాక్‌లాగ్. ఆయనకీ మా గడపకీ ఏం సంబంధం? ఆ సంబంధం వెతుక్కుంటూ పోతే ఆయన జీవితమంతా చదవాల్సొచ్చింది. ఈ వ్యాసం దాని గురించే. చివర్లో మా టమాటాల గొడవ కూడా ఉంది.

తిక్కలోడు

జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1831 జూన్ 13న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. పెరిగింది మాత్రం పల్లెటూళ్ళో, గ్లెన్‌లేర్ అనే సొంత ఎస్టేట్‌లో. తండ్రి జాన్ లాయరు చదువు చదివినా, ఆయన మనసంతా యంత్రాల మీదా కొత్త పరికరాల మీదా ఉండేది. కొడుక్కీ అదే వచ్చింది. ఇంట్లో తాళం ఎలా పడుతుంది, గంట తీగె ఏ గోడలోంచి ఎటు పోతుంది అని పెద్దవాళ్ళని పీకి పాకం పెట్టేవాడట. పైపైన ఏదో చెప్పి తప్పించుకుందామంటే ఊరుకునేవాడు కాదు. అసలు ఎలా పనిచేస్తుందో చెప్పేదాకా వదిలేవాడు కాదు.

ఎనిమిదేళ్ళప్పుడు తల్లి ఫ్రాన్సెస్ కడుపులో క్యాన్సర్‌తో చనిపోయింది. అప్పటిదాకా చదువు చెప్పింది ఆవిడే. తర్వాత ఇంటికి వచ్చిన ట్యూటర్ కొట్టి చదివించే రకం. ఆ చదువు సాగక, పదేళ్ళ వయసులో ఎడిన్‌బరో అకాడమీలో వేశారు. తండ్రి తన సొంత డిజైన్‌తో కుట్టించిన చొక్కా, ముందు వైపు నలుచదరంగా ఉన్న బూట్లు వేసుకుని, పల్లెటూరి యాసతో క్లాసులో అడుగుపెట్టాడు. మొదటి రోజే పిల్లలు చుట్టుముట్టి బట్టలు చింపి పంపారు. డాఫ్టీ అని పేరు పెట్టారు. మన భాషలో తిక్కలోడు అన్నమాట. ఆ పేరు చాలాకాలం ఉండిపోయింది.

ఆ తిక్కలోడే పద్నాలుగేళ్ళకి, సూదులూ దారంతో అండాకారపు గీతలు గీసే పద్ధతి మీద ఒక పేపర్ రాశాడు. చిన్నపిల్లాడు పెద్దల సభలో చదవడం బాగుండదని, 1846లో ఎడిన్‌బరో రాయల్ సొసైటీలో అతని బదులు జేమ్స్ ఫోర్బ్స్ అనే ప్రొఫెసర్ చదివాడు. ఈ ఫోర్బ్స్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు.

వీడియో ప్రాసెసింగ్ మొదలుపెట్టేవాళ్ళకి పనికొచ్చే సంగతి కూడా ఆ చిన్నతనంలోనే ఉంది. అప్పట్లో ఐరోపాలో ఒక బొమ్మ కొత్తగా వచ్చింది. గుండ్రటి అట్ట మీద అంచు వెంట వరసగా బొమ్మలు గీస్తారు, ఒక్కో బొమ్మకీ కాస్త తేడాతో. అట్టని అద్దం ముందు తిప్పుతూ సన్నటి చీలికల్లోంచి చూస్తే బొమ్మ కదులుతుంది. జేమ్స్ అలాంటి అట్టలు సొంతంగా గీసుకునేవాడు. గుడ్డులోంచి తోకకప్ప బయటికొచ్చి కప్పగా మారే బొమ్మ వాటిలో ఒకటి. పెద్దయ్యాక కూడా ఆ సరదా పోలేదు. 1868లో అలాంటిదే అయిన జొయిట్రోప్‌కి, చీలికల స్థానంలో కటకాలు పెట్టి, బొమ్మ చెదరకుండా నిలిచేలా మెరుగుపరిచాడు.

మనం వీడియో ఫైలుని వీడియోక్యాప్చర్‌తో తెరిచి, లూపులో ఒక్కో ఫ్రేమ్ లాగి చూసేదీ ఇదే పని. కదలిక అనేది ఏ ఒక్క ఫ్రేమ్‌లోనూ ఉండదు. ఉన్నవన్నీ నిలకడగా ఉండే ఫొటోలే. నాకు ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే వీడియో అంటే అంత భయపడేవాణ్ణి కాదు. ఒక ఫొటో మీద చేయగలిగిన పనిని ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ మీద చేసుకుంటూ పోవడమే మొదటి మెట్టు.

బొంగరం

పదహారేళ్ళకి మాక్స్‌వెల్ ఎడిన్‌బరో యూనివర్సిటీలో చేరాడు. ఫోర్బ్స్ తన ల్యాబ్ తలుపులు తెరిచి పెట్టాడు. ఫోర్బ్స్ అప్పుడు రంగు కాగితాలు అంటించిన బిళ్ళని తిప్పి రంగులు కలిపి చూస్తున్నాడు. వేగంగా తిరిగితే కంటికి రంగులు విడివిడిగా కనపడవు, కలిసిపోయి ఒకే రంగులా కనిపిస్తాయి. చిత్రకారులు నీలం, పసుపు రంగులు కలిపితే ఆకుపచ్చ వస్తుంది కదా. బిళ్ళ మీద నీలం, పసుపు తిప్పితే ఆకుపచ్చ రాలేదు. ఫోర్బ్స్‌కి ఇది వింతగా తోచింది.

మాక్స్‌వెల్ దీనికి కారణం వివరించాడు. రంగు పొడులు కలిపినప్పుడు ఒక్కో పొడి వెలుతుర్లోంచి కొంత మింగేస్తుంది, రెండూ మింగకుండా వదిలిందే మనకి కనిపిస్తుంది. అది తీసివేత. బొంగరం మీద రెండు రంగుల వెలుతురూ కంట్లోకి వచ్చి చేరుతుంది. అది కూడిక. మన ఫోన్ స్క్రీన్ కూడిక పద్ధతిలో నడుస్తుంది, ప్రింటర్ తీసివేత పద్ధతిలో నడుస్తుంది. స్క్రీన్ మీద ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే పసుపు రావడం చూసి మొదట్లో నేను తలగోక్కున్నాను. తేడా ఇక్కడ ఉంది.

1850లో కేంబ్రిడ్జ్ వెళ్ళాడు. 1854లో అక్కడి గణిత పరీక్షలో రెండో ర్యాంకు. ఆ తర్వాతి ఏడాది బొంగరం లెక్కల పేపర్ వచ్చింది. దాని తయారీ చాలా సులువు, కార్డ్‌బోర్డ్ ఉంటే హాస్టల్లో కూడా చేసుకోవచ్చు. మూడు గుండ్రటి కాగితాలు, ఒకటి సిందూరం ఎరుపు, ఒకటి మరకత పచ్చ, ఒకటి ముదురు నీలం. ఒక్కోదానికీ మధ్య నుంచి అంచుదాకా ఒక కోత పెట్టి, ఒకదాంట్లో ఒకటి దూరిస్తే, ఏ రంగు ఎంత మేర కనపడాలో జరుపుకోవచ్చు. వాటి మీద చిన్న సైజులో నలుపు, తెలుపు కాగితాలు అలాగే దూర్చి పెట్టాలి. చుట్టూ అంచు మీద నూరు గీతలు.

ఇక తిప్పడమే. బయటి వలయంలో మూడు రంగులు కలిసి ఒక బూడిద రంగు అవుతుంది. లోపలి వలయంలో నలుపు, తెలుపు కలిసి ఇంకో బూడిద రంగు అవుతుంది. రెండూ అచ్చంగా ఒకేలా కనిపించేదాకా కాగితాలు జరుపుతూ పోయి, ఆపి, గీతలు లెక్కపెట్టాలి. ఆయనకి వచ్చిన లెక్కల్లో ఒకటి ఇది: 37 వంతుల ఎరుపు, 27 వంతుల నీలం, 36 వంతుల ఆకుపచ్చ కలిస్తే, 28 వంతుల తెలుపు, 72 వంతుల నలుపు కలిసినదానితో సమానం.

నేను ఈ లైను దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మూడు రంగులకి మూడు అంకెలు, ఇటు ఒక బూడిద రంగు. మనం ఓపెన్‌సీవీలో కలర్ ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేసినప్పుడు లోపల జరిగేది ఇలాంటి లెక్కే. ఎరుపుని 0.299తో, ఆకుపచ్చని 0.587తో, నీలాన్ని 0.114తో హెచ్చవేసి కూడుతుంది. మూడూ కలిపితే 1. ఆకుపచ్చకి అంత పెద్ద వాటా ఎందుకంటే, మన కంటికి ఆ వెలుతురు ఎక్కువ కాంతివంతంగా కనిపిస్తుంది గనక. అంకెలు వేరు, కాగితాలు వేరు, కానీ రంగుని అంకెలతో కూడొచ్చన్న ధైర్యం ఆ బొంగరం ఇచ్చిందే.

మూడే ఎందుకు అన్నదానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. మూడు అన్నది వెలుతురు లక్షణం కాదు, మన కంటి లక్షణం. కంట్లో రంగుని పట్టే ఏర్పాట్లు మూడు రకాలుగా ఉంటాయని థామస్ యంగ్ ఆ శతాబ్దం మొదట్లోనే ఊహించాడు. మాక్స్‌వెల్ దాన్ని కొలిచి చూపించాడు. వర్ణాంధత్వం ఉన్నవాళ్ళని కూడా బొంగరం ముందు కూర్చోబెట్టాడు. ఒక రకం గ్రాహకం పనిచేయనివాళ్ళకి మూడు రంగులు అక్కర్లేకుండానే లెక్క కుదిరిపోయేది. అంటే మనం వాడే మూడు ఛానెళ్ళు కంప్యూటర్ పెట్టిన నియమం కాదు, మన కళ్ళు పెట్టినది. వైవాలో నేను చెప్పలేకపోయిన జవాబు ఇదే.

జె, కె

1856లో తండ్రి పోయాడు. అదే ఏడాది మాక్స్‌వెల్ అబర్డీన్‌లోని మారిషల్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరాడు. శని గ్రహం వలయాలు గట్టి పలకలు కావు, లెక్కలేనన్ని చిన్న ముక్కలు అని గణితంతో తేల్చి ఆడమ్స్ బహుమతి గెలిచింది అక్కడ ఉండగానే. కాలేజీ ప్రిన్సిపాల్ కూతురు కాథరిన్ డ్యూవర్‌ని 1858లో పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ ఆయనకన్నా ఏడేళ్ళు పెద్ద.

1860లో ఆ ఊళ్ళో ఉన్న రెండు కాలేజీలనీ కలిపేశారు. ఒక సబ్జెక్టుకి ఇద్దరు ప్రొఫెసర్లు అక్కర్లేదని, చిన్నవాడైన మాక్స్‌వెల్‌ని తీసేశారు. మామగారు ప్రిన్సిపాల్ అయినా ఉద్యోగం నిలవలేదు. ఎడిన్‌బరోలో ఖాళీ ఉంటే పెట్టుకున్నాడు. అది చిన్ననాటి స్నేహితుడు టైట్‌కి దక్కింది. అదే ఏడాది మశూచి వచ్చి చావు దాకా వెళ్ళాడు. కాథరిన్ పక్కనే ఉండి బతికించుకుంది. కోలుకున్నాక లండన్‌లోని కింగ్స్ కాలేజీలో చేరాడు.

లండన్ ఇంట్లో అటక మీద ఎనిమిది అడుగుల పొడవున ఒక నల్లటి పెట్టె పెట్టుకున్నాడు. బొంగరంలో కాగితాల రంగు మీద ఆధారపడాలి, కాగితం వెలిసిపోతే లెక్క మారుతుంది. పెట్టెలో అయితే సూర్యకాంతిని పట్టకంతో విడగొట్టి, కావలసిన రంగులు కావలసినంత కలపొచ్చు. కిటికీ దగ్గర గంటలకొద్దీ ఆ పెట్టెలోకి తొంగి చూస్తుంటే, శవపేటికలోకి చూస్తున్నాడేమిటని ఇరుగుపొరుగు వాళ్ళు బెదిరిపోయారని చెబుతారు.

ఆ రంగుల లెక్కల్లో ఇద్దరి కళ్ళ కొలతలు ఉంటాయి. ఒకటి జె, ఇంకోటి కె. జె అంటే జేమ్స్, కె అంటే కాథరిన్. ఇద్దరి అంకెలూ పూర్తిగా కలవలేదు. ఆయన దాన్ని సర్దేయలేదు. రెండూ విడివిడిగా అచ్చువేసి, మనిషికీ మనిషికీ కంటి మధ్య భాగంలో తేడా ఉండొచ్చని ఆలోచించాడు. రంగుల కొలతల చరిత్రలో కాథరిన్ పేరు ఒక్క అక్షరంగానే మిగిలింది. కానీ ఆ అక్షరం లేకపోతే, ఒక్క మనిషి కంటికి కనపడ్డదే లోకం కంటికి కనపడేది అయ్యుండేది. ఈ రంగుల పనికే 1860లో రాయల్ సొసైటీ ఆయనకి రమ్‌ఫర్డ్ మెడల్ ఇచ్చింది.

మూడు లాంతర్లు

1861 మే 17. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మాక్స్‌వెల్ మూడు మూల రంగుల మీద ఉపన్యాసం ఇచ్చాడు. మాటలతో చెబితే ఎవరు నమ్ముతారు? చూపించాలి.

థామస్ సట్టన్ అనే ఫొటోగ్రాఫర్ సాయం చేశాడు. నల్లటి మఖమలు గుడ్డ ముందు, గళ్ళ గళ్ళ స్కాటిష్ రిబ్బనుని పువ్వులా ముడివేసి పెట్టారు. గాజు తొట్టెల్లో రంగు ద్రవాలు నింపి, ఒక్కోదాన్ని కెమెరా ముందు పెట్టి ఫొటో తీశారు. ఎర్ర ద్రవంలోంచి ఒకటి, ఆకుపచ్చలోంచి ఒకటి, నీలంలోంచి ఒకటి. నీలానికి 6 సెకన్లు చాలాయి. ఎరుపుకి 8 నిమిషాలు పట్టింది. ఆకుపచ్చకి ద్రవాన్ని పల్చన చేసుకుని 12 నిమిషాలు. మూడూ బ్లాక్ అండ్ వైట్ ఫొటోలే. తర్వాత మూడు లాంతర్లతో, ఏ ఫొటో ఏ ద్రవంలోంచి తీశారో ఆ రంగు వెలుతురే దానికి ఇచ్చి, మూడింటినీ తెర మీద ఒకే చోట పడేలా చేశారు. తెర మీద రిబ్బను రంగుల్లో కనిపించింది.

మీరు ఓపెన్‌సీవీలో స్ప్లిట్ అనే ఫంక్షన్ వాడి చూడండి. కలర్ ఫొటో మూడు బ్లాక్ అండ్ వైట్ ఫొటోలుగా విడిపోతుంది. మెర్జ్ అంటే మళ్ళీ కలుస్తాయి. సట్టన్ కెమెరా స్ప్లిట్, మాక్స్‌వెల్ లాంతర్లు మెర్జ్. ఇక ఆ రోజు ఎర్ర ఫొటోకి నీలం లాంతరు, నీలం ఫొటోకి ఎర్ర లాంతరు పెట్టి ఉంటే? మా గడప! ఓపెన్‌సీవీ మూడు ఛానెళ్ళనీ నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరసలో దాస్తుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనుకుని చదువుతుంది. మొదటిదీ చివరిదీ తారుమారయ్యాయి, మధ్యది కదల్లేదు. అందుకే మామిడాకులు బతికిపోయాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు కథ దీని తర్వాతే ఉంది.

ఆ రోజుల్లో ఫొటో పలకలకి నీలం, ఊదా, వాటికి అవతల కంటికి కనపడని అతినీలలోహితం తప్ప మిగతా వెలుతురు దాదాపు తెలీదు. ఎరుపు అయితే అసలు అంటనే అంటదు. మరి ఎర్ర ద్రవంలోంచి తీసిన పలక మీద రిబ్బను ఎలా పడింది? పడకూడదు. తెర మీద ఖాళీ రావాలి. అయినా పడింది.

సరిగ్గా వందేళ్ళకి, 1961లో, కొడాక్ సంస్థలో పనిచేసే రాల్ఫ్ ఎవాన్స్ బృందం ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూసింది. రిబ్బనులోని ఎర్ర రంగు ఎరుపుతోపాటు అతినీలలోహితాన్ని కూడా వెనక్కి కొడుతుందని, మాక్స్‌వెల్ వాడిన ఎర్ర ద్రవం ఆ అతినీలలోహితాన్ని లోపలికి వదిలేస్తుందని తేలింది. అంటే పలక మీద పడింది ఎరుపు కాదు. ఎరుపు ఉన్న చోటే కాకతాళీయంగా ఉన్న ఇంకేదో. సిద్ధాంతం సరైనదే, ఫలితమూ సరైనదే, కానీ ఆ ఫలితం వచ్చిన దారి వేరు.

మాక్స్‌వెల్‌కి ఇదంతా తెలిసే అవకాశం లేదు. కానీ ఆయనకి తెలిసినంతవరకూ ఆయన దాచలేదు. ఎరుపు, ఆకుపచ్చ ఫొటోలు నీలమంత బాగా పడలేదని, ఆ రంగులకి స్పందించే పలకలు దొరికితే బొమ్మ ఇంకా బాగా వచ్చేదని ఆ ఉపన్యాసంలోనే ఒప్పుకున్నాడు. ముప్పై ఏళ్ళు నిండలేదు, ఏడాది క్రితమే ఉద్యోగం పోయి కొత్త ఊరు వచ్చాడు, ఎదురుగా లండన్ పెద్దలంతా ఉన్నారు. తెర మీద రిబ్బను వెలుగుతోంది. చప్పట్లు తీసుకుని ఊరుకోవచ్చు. అలా చేయలేదు. పలకలకి కొన్ని రంగు పదార్థాలు కలిపితే వేరే రంగులు కూడా పట్టుకుంటాయని 1873లో బెర్లిన్‌లో హెర్మన్ ఫోగెల్ కనిపెట్టాడు. మాక్స్‌వెల్ లోపం అన్నది అక్కడి నుంచి తీరడం మొదలైంది.

మిగతా జీవితం

మనకి తెలిసిన మాక్స్‌వెల్ దీని తర్వాత వస్తాడు. 1865లో విద్యుదయస్కాంత క్షేత్రం మీద ఆయన పెద్ద పేపర్ అచ్చయింది. వెలుతురు కూడా విద్యుదయస్కాంత తరంగమే అన్న మాట అందులో ఉంది. రంగుల కోసం పదేళ్ళు వెలుతురుని కొలిచినవాడే వెలుతురు అంటే ఏమిటో కూడా చెప్పాడు. మనం బట్టీ పట్టే నాలుగు సమీకరణాలు ఆయన రాసిన రూపంలో లేవు. ఆయన రాసినవి ఇరవై. తర్వాత ఆలివర్ హెవిసైడ్ వాటిని కుదించి మనల్ని కాపాడాడు.

1865లోనే లండన్ వదిలి గ్లెన్‌లేర్ చేరి, 1873లో వచ్చిన పెద్ద గ్రంథం మీద కూర్చున్నాడు. 1871లో కేంబ్రిడ్జ్ పిలిచి కేవెండిష్ ప్రొఫెసర్‌ని చేసింది. కొత్త ల్యాబ్ కట్టించే బాధ్యత ఆయనదే, 1874లో అది తెరుచుకుంది. జీవితం చివర్లో తన పని పక్కనపెట్టి, ఎప్పుడో చనిపోయిన హెన్రీ కేవెండిష్ అచ్చువేయకుండా వదిలేసిన విద్యుత్ ప్రయోగాలని మళ్ళీ చేసి చూసి పుస్తకంగా తెచ్చాడు. కాథరిన్ ఆరోగ్యం చెడితే రాత్రిళ్ళు పక్కన కూర్చుని ఆయనే చూసుకున్నాడు.

1879 నవంబర్ 5న, 48 ఏళ్ళ వయసులో, తల్లిని తీసుకెళ్ళిన జబ్బే ఆయన్నీ తీసుకెళ్ళింది. తల్లి పోయింది కూడా ఇంచుమించు ఆ వయసులోనే. గ్లెన్‌లేర్ దగ్గర పార్టన్ అనే చిన్న ఊరి చర్చిలో సమాధి చేశారు. ఆయన చెప్పిన తరంగాలు నిజంగా ఉన్నాయని హెర్ట్జ్ ప్రయోగంతో చూపించేసరికి ఆయన పోయి ఎనిమిదేళ్ళు దాటింది.

మా టమాటాలు

ఇప్పుడు మా సంగతి. థర్డియర్ మినీ ప్రాజెక్టుకి నేనూ, నా ఇద్దరు ఫ్రెండ్సూ టమాటా పండిందా, పచ్చిదా అని ఫొటో చూసి చెప్పే ప్రోగ్రామ్ రాశాం. పెద్ద మోడల్ ఏమీ కాదు. ఫొటోలో ఉన్న పిక్సెళ్ళన్నిటి రంగుకీ సగటు తీసి, ఎరుపు ఎక్కువుంటే పండు, ఆకుపచ్చ ఎక్కువుంటే కాయ. పరీక్షించిన ప్రతి ఫొటోకీ సరైన జవాబే వచ్చింది. రిపోర్టు రాసేశాం, బైండింగుకి కూడా ఇచ్చేశాం.

రివ్యూకి రెండ్రోజుల ముందు రాత్రి మా వాడు సరదాకి ఖాళీ పళ్ళెం ఫొటో తీసి ప్రోగ్రామ్‌కి ఇచ్చాడు. పండు అని వచ్చింది.

అప్పుడు వెలిగింది. పండిన టమాటాలన్నీ మా ఇంట్లో ఎర్ర ప్లాస్టిక్ పళ్ళెంలో పెట్టి తీశాం. పచ్చివి వాళ్ళ పెరట్లో అరిటాకు మీద పెట్టి తీశాం. ప్రోగ్రామ్ చూసింది టమాటాని కాదు, పళ్ళేన్నీ ఆకునీ. మా జవాబులన్నీ సరైనవే, వచ్చిన దారే తప్పు.

దాచేద్దామని ఒకడన్నాడు. ఎవరూ ఖాళీ పళ్ళెం పెట్టి అడగరు, నిజమే. నిజం చెప్పాలంటే నాకూ మొదట అదే సబబనిపించింది. ప్లేస్‌మెంట్ల ముందు ప్రాజెక్టు మార్కులు పోతే ఎలా? కానీ నా బ్యాగులో రిబ్బను ఫొటో ప్రింటవుట్ ఉంది. ఆయనకి తెలియక జరిగింది మాకు తెలిసి జరుగుతుంటే ఎలా నోరు మూసుకుంటాం? ఆ రాత్రి తెల్ల కాగితం మీద పెట్టి అన్నీ మళ్ళీ తీశాం, టమాటా ఉన్న భాగాన్ని మాత్రమే కత్తిరించి లెక్క వేశాం. దోర టమాటాల దగ్గర ప్రోగ్రామ్ తడబడింది. ట్యూబ్‌లైట్ కింద తీసినవి ఇంకా ఇబ్బంది పెట్టాయి. రివ్యూలో పాత ఫలితం, ఖాళీ పళ్ళెం, కొత్త ఫలితం, మూడూ వరసగా చూపించాం. మార్కులు గొప్పగా రాలేదు. బైండింగు డబ్బులు కూడా పోయాయి. కానీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పగలిగాం. సెకండియర్‌లో నేల చూపులు చూసినవాడికి అది తక్కువేం కాదు.

ఇమేజ్ ప్రాసెసింగ్ మొదలుపెట్టాలనుకునే జూనియర్లకి నేను చెప్పేది ఇంతే. మీ ఇంటి ఫొటో ఒకటి తెరవండి. షేప్ ప్రింట్ చేయండి, ఎత్తు, వెడల్పు, 3 అని వస్తుంది. ఆ 3 వెనక ఉన్న బొంగరాన్ని ఒకసారి తలచుకోండి. ఛానెళ్ళని విడగొట్టి ఒక్కోటీ విడిగా చూడండి, కుంకుమ బొట్టు దేంట్లో వెలుగుతుందో, దేంట్లో చీకటిగా ఉంటుందో మీకే తెలుస్తుంది. కాపీ చేసిన లైను పనిచేస్తే సంతోషించండి, తర్వాత అది ఎందుకు పనిచేసిందో అడగండి. చివరగా, ప్రాజెక్టు అయిపోయిందనుకున్న రోజు, ఒక ఖాళీ పళ్ళెం ఫొటో తీసి ఇచ్చి చూడండి.

మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు అమ్మకి ఆ నీలం గడప ఫొటో చూపించాను. కాసేపు చూసి, ఎవరింటిదిరా ఇది అని అడిగింది.